ఇరవైమూడో విస్తరాకు

ఒక పల్లెలో ఒక ప్రార్థన మందిరం ఉండేది. దాని ముందు ఒక గంటస్తంభం. స్తంభం మీద ఒక కాకి. ఆ కాకికి చేతులు లేవు.

ఇదేమంత పెద్ద విషయం కాదు. ఏ కాకికీ చేతులుండవు. కానీ ఆ ఆదివారం ప్రసంగం చివర అయ్యగారు, "వచ్చే ఆదివారం కోతపండగ. దేవుడి దగ్గరికి ఎవరూ వట్టి చేతులతో రాకండి" అన్నారు. లోపల జనమంతా తమ చేతుల వంక చూసుకున్నారు. బయట కాకి తన కాళ్ల వంక చూసుకుంది.

కాకికి ఆ మందిరమంటే ప్రాణం. కిటికీ అద్దాలకి ఎవరో ఎర్ర కాగితం, నీలం కాగితం అంటించారు. ఎండ వాటిలోంచి దూరి నేల మీద పడితే, నేల మీద ఎవరో చీర ఆరేసినట్టుండేది. ఆ నీలం ఒక్కసారి తన నల్లటి వీపు మీద పడితే ఎలా ఉంటుందో అని కాకి కలలు కనేది. గాలివాన వచ్చినప్పుడు గంట కిందే ఒదిగి బతికింది. ఏడేళ్లుగా ఇక్కడి ప్రేమవిందుల్లో మెతుకులు తింది. ఎవరూ పిలవలేదు, అయినా తింది. ఈ ఏడు తను కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇక ఆ స్తంభం మీద కూర్చోవడానికి దానికే మొహం చెల్లదు.

మందిరం వెనక వంటల అవ్వగారి కోడి ఒకటి ఉండేది. అది అప్పటికే కానుక సిద్ధం చేసుకుని, దాని మీదే కూర్చుని ఉంది.

"నువ్వేం ఇస్తున్నావక్కా?" అని అడిగింది కాకి.

కోడి కొంచెం లేచి చూపించింది. కింద గుడ్డు తెల్లగా, వెచ్చగా ఉంది. "నా సొంతం. నువ్వేం ఇస్తావే?"

"ఏదైనా మెరిసేది."

"ఎవరింట్లోది?"

కాకి ఆ మాట విననట్టు ఎగిరిపోయింది.

సోమవారం అది ఒక చెంచా తెచ్చి మందిరం లోపల ప్రభుబల్ల ముందున్న మెట్టు మీద పెట్టింది. చెంచా పోగొట్టుకున్నావిడ ప్రార్థనకొచ్చి, చూసుకుని, ముక్కు మీద వేలేసుకుని పట్టుకుపోయింది. మంగళవారం అరిగిన సబ్బుముక్క తెచ్చింది. అదీ ఎవరిదో వాళ్లింటికే పోయింది. బుధవారం ఒక కళ్లజోడు తెచ్చింది. అది అయ్యగారిది.

ఆయన మోకరించబోతే మోకాలి కింద ఏదో తగిలింది. తీసి చూసి అక్కడే కూలబడ్డారు. "ప్రభువా! పొద్దుట్నించీ ఇల్లంతా తిరగేశాను. నీ సన్నిధిలో దాచిపెట్టావా!" అని కళ్లు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకున్నారు.

కాకి ఆనందంతో పల్టీలు కొడుతూ కోడి దగ్గరికొచ్చింది. "చూశావా అక్కా! నా కానుక ఆయన ముక్కుకి పెట్టుకున్నారు!"

"ఆయనదే కదే అది!"

"అయితే?"

"ఎవరిది వాళ్లకి తిరిగిచ్చి కానుకంటావేంటే, సిగ్గులేనిదానా! నీదేముందో అది ఇవ్వు."

నాదేముంది అని కాకి రెండు రోజులు ఆలోచించింది. గూడు చూసుకుంటే పుల్లలు ఒకరివి, తీగముక్కలు ఒకరివి. పోయిన వేసవిలో నోట్లో నోరు పెట్టి పెంచిన పిల్ల కూడా చివరికి కోయిలై పాడుకుంటూ వెళ్లిపోయింది. శుక్రవారం తన ఒంటి మీది ఈక ఒకటి పీకి మెట్టు మీద పెట్టింది. మందిరం ఊడ్చేవాళ్లు చెత్తతో పాటు ఊడ్చేశారు.

"నీ గొంతుందిగా," అని కోడి కిసుక్కున నవ్వింది. "అదొక్కటే నువ్వు ఎక్కడా కొట్టేసింది కాదు. నాదీ అని ఎవరూ వెతుక్కుంటూ రారు కూడా."

కోడి వెక్కిరించడానికి అంది. కాకి మాత్రం ఆ మాటని ముక్కున కరుచుకుని స్తంభం మీదికి తీసుకుపోయింది.

ఇక ఆ పల్లె సంగతి. అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేస్తారు. ముంతలు నిండాక మందిరంలో ఉన్న పెద్ద రేకుడబ్బాలో ఒలుకుతారు. కోతపండగ నాడు విందు ఆ బియ్యంతోనే. మిగిలింది, కొత్త పంట వచ్చేదాకా పొయ్యి వెలగని ఇళ్లకి. ఆ ఏడు వాన వస్తానని రాలేదు. పిడికిళ్లు చిన్నవైపోయాయి. డబ్బా సగానికి కూడా నిండలేదు.

విందు వండేది అవ్వే. ఆవిడకి రెండు పట్టింపులున్నాయి. తిన్నవాళ్లు విస్తరాకుని తమవైపుకి మడిచారా లేదా అని చూస్తుంది. మడిస్తే కడుపు నిండినట్టు, మడవకపోతే వంటలో ఏదో లోపమైనట్టు. రెండోది, కాకి అరిస్తే చుట్టాలొస్తారు. అరుపు వినపడిందంటే ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పడాల్సిందే.

పండగనాడు అవ్వ తలకో సోల చొప్పున పల్లెలో అరవైమందికి బియ్యం కొలిచి గుండిగలో పోసింది. డబ్బా అడుగున మిగిలింది ఇరవై సోలలో, ఓ రెండు మూడు ఎక్కువో.

మందిరంలో జనం కానుకలు తెచ్చారు. గుమ్మడికాయలు వచ్చాయి, జొన్నకంకులు వచ్చాయి, ఎండు మిరపకాయల దండ వచ్చింది. కోడిగుడ్డు పళ్లెంలో పోతుంటే కోడి గుమ్మం దాకా వెంట నడిచి సాగనంపింది. పాట అయింది. డోలక్ ఆగింది. అందరూ తలవంచి మౌనంగా ప్రార్థనలో మునిగారు.

అదే సమయమనుకుంది కాకి. మెడ చాచి, రెక్కలు కొంచెం విప్పి, తన దగ్గరున్నది ఇచ్చింది.

"కావ్!"

వెనక వంటపాకలో అవ్వ చెయ్యి ఆగింది. "ఎవరో చుట్టం," అనుకుని డబ్బాలో సోల ముంచి, ఒక సోల ఎసట్లో పోసింది.

కాకి పైనుంచి అది చూసింది. మళ్లీ అరిచింది. అవ్వ మళ్లీ కొలిచింది. మూడోసారి అరిచింది. మూడో సోల పడింది. కాకికి ఒళ్లు ఝల్లుమంది. తన కానుకని ఎవరో అందుకుంటున్నారు! తీసి పారేయడం లేదు, ఊడ్చేయడం లేదు, కొలిచి మరీ పుచ్చుకుంటున్నారు! ఇంక అది ఆగలేదు. గొంతులో ఉన్నదంతా ఇచ్చేసింది.

"ఎంతమంది చుట్టాలే తల్లీ!" అని అవ్వ చెమట తుడుచుకుంటూనే కొలుస్తోంది.

ఇరవైమూడో అరుపుకి డోలక్ వాయించే అతనికి ఒళ్లు మండింది. బయటికొచ్చి కాలి చెప్పు తీసి విసిరాడు. కాకి తప్పుకుంది. చెప్పు వెళ్లి గంటకి తగిలింది. ఖంగుమని గంట మోగింది. గంట చప్పుడు ఎండలో తేలుతూ పొలాలు దాటి రోడ్డు దాకా పోయింది. సరిగ్గా అప్పుడే వంటపాకలో సోల డబ్బా అడుక్కి తగిలి గర్రుమంది.

అందరూ వంటపాకకి పరుగెత్తారు.

"ఏంటమ్మా సువార్తమ్మా ఇది! డబ్బా ఖాళీ చేసేశావా?" అన్నారు అయ్యగారు.

"చుట్టాలొస్తున్నారయ్యా."

"ఎవరు చెప్పారు?"

అవ్వ గరిటెతో పైకి చూపించింది.

"మనం విశ్వాసులం. కాకి మాట పట్టుకుని బియ్యం పోస్తారా ఎవరైనా?"

"బైబిల్లో వాగు పక్కన దాక్కున్న ప్రవక్తకి పూటపూటా రొట్టె మోసిందెవరయ్యా? చిలకా?"

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అయ్యా, మాటలకేం గానీ," అంది గుంపులో ఒకావిడ. "మంచాన పడ్డ మా మామకి రేపట్నించి ఏం పెట్టను? నేను ఆ డబ్బా మీదే ఆశ పెట్టుకున్నాను."

ఆ మాట కాకి విన్నది. కింద పొంగుతున్న గుండిగనీ, ఖాళీ డబ్బానీ చూసింది. దానికి అప్పటికి గానీ అర్థం కాలేదు. ఇచ్చాననుకున్నాను, తీసుకున్నాను. ఎప్పటిలాగే.

"చెంచాలూ సబ్బులూ అయిపోయి, ఇప్పుడు ఊరి గింజలన్నీ కొట్టేశావన్నమాట," అంది కోడి. "అదీ కూర్చున్నచోటు నించి కదలకుండా!"

కాకి ముక్కు రెక్కలో దూర్చుకుంది. వెళ్లిపోదామనుకుంది. ఏ వైపుకి వెళ్లాలో చూడ్డానికి తలెత్తింది.

రోడ్డు వైపు నుంచి మనుషులు వస్తున్నారు. మెట్ట ఊళ్ల కూలీలు. నడుముకి కొడవళ్లున్నాయి, కోయడానికి చేను దొరకలేదు. రెండు రోజులుగా నడుస్తున్నారు. వాళ్లలో పెద్దాయన గుమ్మం బయటే ఆగి తలగుడ్డ తీశాడు.

"గంట విన్నామయ్యా. వేళకాని వేళ మోగింది, ఎవరినో పిలుస్తున్నారు కాబోలని వచ్చాం. కాసిని మంచినీళ్లిస్తే తాగి పోతాం."

డోలక్ అతను ఒంటికాలి చెప్పుతో నిలబడి నేల చూపులు చూశాడు.

"మంచినీళ్లేంటి నాయనా," అంది అవ్వ. "కాళ్లు కడుక్కోండి. మీ అన్నం ఎప్పుడో ఉడికింది."

పందిట్లో ఎనభైమూడు విస్తరాకులు పరిచారు. పల్లెవాళ్లు ఒక వరస, వచ్చినవాళ్లు ఎదురు వరస. పప్పు, గుమ్మడికాయ కూర, మిరపకాయల పచ్చడి. మామ సంగతి అడిగినావిడే వాళ్లకి మారు వడ్డించింది. వచ్చినవాళ్లలో ఒకామె చంకలోని పిల్ల కూడా పప్పన్నం మెక్కి, విస్తరాకుని తనే మడవబోయి ఒళ్లంతా పూసుకుంది. అవ్వ వరసలన్నీ తిరిగి చూసింది. అన్ని ఆకులూ మడిచే ఉన్నాయి. ఒక్కటి తప్ప.

వచ్చినవాళ్లు, చంకలో పిల్లతో కలిపి, ఇరవైరెండుమంది.

"కాకి ఒకటి ఎక్కువ కూసింది," అన్నాడు డోలక్ అతను.

"ఉండరా, నీకన్నీ తొందరే. ఒకాయన వెనకబడి ఉంటాడు," అంది అవ్వ.

ఆ విస్తరాకు తీసుకెళ్లి మందిరం గుమ్మం ముందు వేసింది. అన్నం, పప్పు, కూర వడ్డించి, కుడిపక్కన గ్లాసుతో నీళ్లు పెట్టింది. తర్వాత గిన్నెలు తోముకోవడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది. మిగతావాళ్లు పందిట్లో నడుం వాల్చారు.

కాకి కిందికి దిగింది. పొద్దుట్నించీ దాని కడుపులో ఒక్క మెతుకు లేదు. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. పప్పు వాసన ముక్కు దాకా వచ్చి పలకరిస్తోంది. ఇన్నేళ్లలో కాపలా లేని విస్తరాకుని కాకి ఎప్పుడూ చూడలేదు.

ముట్టుకోలేదు. ఆకు పక్కన కూర్చుంది.

కోడి వచ్చింది. "రెండు మెతుకులే కదే. ఎవరు చూస్తారు?"

"పో అక్కా. ఇది వేరేవాళ్లది."

"ఈ మాట నువ్వంటున్నావా!" అని కోడి నోరు తెరిచి, మూసుకోవడం మర్చిపోయి వెళ్లిపోయింది. చీమలొస్తే కాకి ముక్కుతో తోలింది. కుక్కొస్తే రెక్కలు విప్పి లేచింది. ఆకలి గొంతులో గుటకలు వేస్తోంది. అయినా కూర్చుంది.

పొద్దు వాలింది. ఎండ మందిరం వెనక కిటికీలోంచి దూరి, నేల దాటి, తెరిచిన తలుపులోంచి గుమ్మం మీదికి వచ్చింది. ముందు ఎరుపు వచ్చింది. తర్వాత నీలం వచ్చి, మెల్లగా, కాకి వీపు మీద పడింది. కాకి కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపు ఉందో, ఆ మధ్యలో ఏం జరిగిందో కాకికే తెలియాలి.

అవ్వ గిన్నెలు మోసుకుంటూ తిరిగొచ్చింది. గుమ్మం ముందు ఆగిపోయింది.

గ్లాసులో నీళ్లు లేవు. విస్తరాకు మడిచి ఉంది. అంచులు సరిగ్గా కలిపి, కూర్చున్నవాళ్ల వైపుకి.

అవ్వ పందిట్లోకి చూసింది. అందరూ ఎక్కడివాళ్లక్కడే నిద్రపోతున్నారు. కోడి, అడక్కముందే, నేను కాదన్నట్టు పక్కకి జరిగింది. కాకి ముక్కు చూసింది. పొడిగా ఉంది. కాకి కాళ్లు చూసింది. విస్తరాకు మడవడానికి చేతులు కావాలి.

"ఎవరే వచ్చింది?" అని అడిగింది అవ్వ, నెమ్మదిగా.

"కావ్," అంది కాకి. ఈసారి దాని మీద ఎవరూ చెప్పు విసరలేదు.

"ఇంకొకరా!" అని అవ్వ నవ్వి, దాని లోపలికి పోయిన పొట్టని చూసింది. "ఓహో, నువ్వా! ఊరందర్నీ పిలిచి, నువ్వు తినలేదు కదూ. ఉండు, గుప్పెడు ఉడకేస్తా."

చేతికలవాటైన సోల తీసుకుని, డబ్బా మూత తీసి లోపలికి ముంచింది. డబ్బా ఖాళీ అన్న సంగతి చెయ్యి లోపలికి పోయాక గుర్తొచ్చింది.

రేకు గర్రుమంటుందని కాకి చెవులు రిక్కించింది.

సోల గింజల్లోకి దిగింది. చప్పుడు కాలేదు.