గొడుగు పట్టిన రాజు

ఏటికి ఇవతల ఒక రాజు, అవతల ఒక రాజు. ఏటా పంట ఇళ్లకు చేరాక, ఎవరి ప్రజలు ఎక్కువ కలిగినవాళ్లో ఇసుకతిన్నె మీద తేల్చుకునేవాళ్లు.

పద్ధతి తేలికే. దేశంలోని ధాన్యమంతా తెచ్చి ఒకే కుప్ప పోస్తారు. ప్రాణమున్న ప్రతి మనిషికీ గంపలో ఒక గులకరాయి వేస్తారు. కుప్పను ఆ రాళ్ల లెక్కకు పంచి, మనిషికి ఎంత వాటా వచ్చిందో దండోరా వేయిస్తారు. ఆ తర్వాత ఎవరు తెచ్చినంత వాళ్లు తిరిగి ఇంటికి పట్టుకుపోతారు. వాటా తగ్గిన రాజు, రెండో రాజుకు ఏరు దాటేదాకా గొడుగు పట్టాలి.

ఆ ఏడు ఇవతలి రాజు గొడుగు పట్టాడు. అవతల మనిషికి ఆరు బస్తాలు, ఇవతల అయిదే. ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టగా నడిచినవాడాయె, చేతులు లాగేశాయి, పరువూ పోయింది.

బళ్లు కదిలే వేళ ఒక ఆడమనిషి ఇవతలి మంత్రికి అడ్డం వచ్చింది. కొంగున కట్టిన నూకలు తప్ప ఆమె కుప్పలో పోసింది ఏమీ లేదు. చంకలో పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

"నాకు అయిదు, నా పిల్లకి అయిదు అని దండోరా వేశారు గదా దొరా. బస్తాలు ఎక్కడ ఇస్తారు?"

మంత్రి పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, అది లెక్కకు వచ్చిన వాటా. మోసుకుపోయే వాటా కాదు."

"మరి నా పిల్ల రాయి ఎందుకు వేయించుకున్నారు? పోనీ, దోసెడు ఇప్పించండి. దీన్ని బతికించుకుంటా."

మంత్రికి తొందర పని ఉంది. వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు రెండు దేశాల్లోనూ వాన మొహం చాటేసింది. ఇవతలి కుప్ప నిరుటికన్నా చిన్నది. గొడుగు మళ్లీ తప్పదని రాజు తల వంచుకుని కూర్చున్నాడు. అంతలో దండోరా వినిపించింది. అవతల అయిదు, ఇవతల ఆరు!

జనం నోళ్లు వెళ్లబెట్టారు. రాజు మీసం మెలేశాడు. గొడుగు పట్టిన అవతలి రాజు ఉండబట్టలేక అడిగేశాడు.

"కుప్ప తగ్గింది, వాటా పెరిగింది. ఏం చేశారయ్యా?"

ఇవతలి రాజు తన మంత్రిని చూశాడు. జనంలోంచి ఆ ఆడమనిషి ముందుకొచ్చింది. ఈసారి చంక ఖాళీగా ఉంది. కొంగుముడి విప్పి ఒక చిన్న గులకరాయి చూపించింది.

"ఇది నా పిల్ల రాయి దొరా. ఈ ఏడు వెయ్యలేదు."

ఆమె వెనక మరొకతె కొంగు విప్పింది. ఒక ముసలాయన రుమాలు విప్పాడు, అందులో నాలుగు రాళ్లున్నాయి. తిన్నె పొడుగునా ముళ్లు విప్పుతూనే ఉన్నారు. అప్పుడు చూశాడు ఇవతలి రాజు గంపను. సగం కూడా నిండలేదు.

"వెయ్యండి! అన్నీ గంపలో వెయ్యండి!" అని అరిచాడు.

"ప్రాణమున్నవాళ్లకే రాయి, ప్రభూ" అన్నాడు మంత్రి.

అంత ఘోరం అవతలి రాజూ ఎన్నడూ వినలేదు, పాపం. మెల్లగా వెనక్కి తిరిగి తన దేశపు గంపను చూశాడు.

"మనది మరీ నిండుగా ఉందే" అన్నాడు తన మంత్రితో.