ఉమ్మెత్తాకు పచ్చడి

అనగా అనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అనే అత్త, పైడమ్మ అనే కోడలు. దగ్గరికి జరగండర్రా. ఊ కొట్టండి మరి, మీరు ఊ కొట్టకపోతే ఈ కథ చెప్పడానికి నాకే భయమేస్తుంది.

అచ్చియ్యమ్మకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే నడవలేదు, నడిస్తే మళ్ళీ కూర్చోలేదు. పైడమ్మ పుట్టింటివాళ్ళేమో ఆకుమందులు తెలిసినవాళ్ళు. దొడ్లో కంచె పక్కన ఉమ్మెత్త ఉండేది. చూశారుగా, సన్నాయి బూరల్లాంటి తెల్లపూలు, ఒళ్ళంతా ముళ్ళున్న కాయలు? మసక చీకట్లో ఆ పూలు చూస్తే ఎవరో తెల్లచీర కట్టుకుని తల వంచుకున్నట్టే ఉంటుంది. పైడమ్మ ఆ ఆకుకి ఆముదం రాసి, పాత పెంకు మీద వెచ్చచేసి, అత్త మోకాళ్ళకి కట్టేది. విప్పిన ఆకుని గోతిలో పూడ్చేది, చేతులు బూడిదతో తోముకునేది, ఆ పెంకుని గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఇది నోట్లోకి పోతే ప్రాణానికే ముప్పని అత్తకి చెప్పింది కూడా.

అత్త వింటుందా? పైన కడితేనే ఇంత సుఖంగా ఉంటే లోపలికి పోతే ఇంకెంత సుఖమో, అసలు మందు నా దగ్గర దాస్తోంది ఈ పిల్ల అనుకుంది. కోడలు ఏటికి వెళ్ళగానే గుప్పెడాకు కోసి, వెల్లుల్లి, చింతపండు వేసి పచ్చడి నూరుకుని తినేసింది. ఊ కొడుతున్నారా?

పొద్దు వాలింది. అచ్చియ్యమ్మ మొహం కుంకుమ పులిమినట్టు ఎర్రబడింది. నాలుక ఎండిపోయింది. కంటిపాప కన్నంతా నల్లగా పరుచుకుంది. గాల్లోంచి లేని దారాలు పీకుతోంది. ఎప్పుడో చచ్చిపోయిన మొగుడికి పీట వేసి, అన్నం తినమని బతిమాలుతోంది. ఆ పీట మీద ఎవరూ లేరర్రా!

కొడుకు అప్పన్న హడలిపోయి భూతవైద్యుణ్ణి తెచ్చాడు. చచ్చిన మొగుడే పట్టాడన్నాడు వాడు. గదిలో పెట్టి తాళం వేయాలన్నాడు, తెల్లారేదాకా నీళ్ళు కూడా ఇవ్వకూడదన్నాడు, వేపమండలతో కొట్టాలన్నాడు. అదే జరిగితే తెల్లారేసరికి మనిషి ఉండదు. తలుపు మూసేస్తున్నారు...

అంతలో పైడమ్మ వచ్చింది. అత్త కళ్ళు చూసింది, రోటి దగ్గరికి పరిగెత్తింది, ఉమ్మెత్త వాసన పట్టింది. రోట్లో మిగిలిన పచ్చడి తెచ్చి భూతవైద్యుడి ముందు పెట్టింది.

“అయ్యా, దెయ్యం దీంట్లో ఉంది. నీకు లొంగుతుందిగా, ఒక్క ముద్ద తిను!”

వాడు వంగి వాసన చూశాడు. వేపమండలు అక్కడే పడేసి, చెప్పులైనా తొడుక్కోకుండా పోయాడు.

“చూస్తావేం మావా, బండి కట్టు!” అని మొగుణ్ణి కసిరింది పైడమ్మ.

వైద్యుడేమో ఏటికి అవతల. ఎద్దు నడవనంటుంది, చక్రం తిరగనంటుంది, దారి తరగనంటుంది. బండిలో అత్త దెయ్యం దెయ్యమని కేకలు పెడుతూ కోడల్ని రక్కేస్తోంది. వైద్యుడి వాకిట్లో దిగేదాకా పైడమ్మ అత్త చెయ్యి వదల్లేదు. ఆయన కడుపు కడిగించి, పక్కనే కూర్చుని కాచుకున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు.

మర్నాటికి అచ్చియ్యమ్మకి తెలివొచ్చింది. కళ్ళు తెరిచి మొదట ఏమడిగిందో తెలుసా?

“దారంతా ఒక దెయ్యం నా చెయ్యి పట్టుకుందే. ఎంత రక్కినా వదల్లేదు. అదేదీ?”

పైడమ్మ గీతలు పడ్డ చెయ్యి చూపించింది. “ఇక్కడే ఉన్నానత్తా.”

అత్త ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. అందరూ నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే ఇంటికెళ్ళి హాయిగా ఉన్నారు.

అందుకేనర్రా, పైకి కట్టే మందు పైకే. ఆ ముళ్ళకాయ మీరు ముట్టుకోకండి, నా మీద ఒట్టు. ఇక కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి.