అసిరమ్మ తొలి ముంత

అనగా అనగా, మన తాతల తాతలకి ఇంకా పళ్ళు రాని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర రెండు పేటలుండేవి. ఎగువపేటకి పెంటయ్య పెద్ద, దిగువపేటకి ఎర్రయ్య పెద్ద. ఇద్దరికీ మీసాలు బారెడు, పంతం అంతకు రెండింతలు. ఎదురుపడితే ఎవరి పడవా తప్పుకోదు. తప్పుకుంటే పరువు తక్కువట.

ఒక ఏడు పడవలు గుద్దుకున్నాయి. మరుసటి ఏడు మళ్ళీ గుద్దుకున్నాయి. మూడో ఏడు గుద్దుకున్నప్పుడు అసిరమ్మ మొగుడు పోయాడు.

అసిరమ్మంటే ఎవరో కాదు, ఒడ్డున కుండ పెట్టుకుని, వేట నుంచి వచ్చినవాళ్ళకి అంబలి పోసే మనిషి. కుండ దగ్గర తోసుకుంటే ఊరుకునేది కాదు. "నీ అన్నం చేతి పక్క మనిషుంటే నువ్వాగు, ముందు ఆడు తాగుతాడు" అనేది. పెద్దలైనా సరే, ఆగాల్సిందే.

కొడుకు దాలయ్య పెంటయ్య పడవలో చుక్కాని పట్టిన నాడు ఆమె అంబలి పొయ్యడం ఆపింది. పెద్దలిద్దర్నీ నిలదీసింది.

"నా కుండ కాడ ఆగుతారు గదా బాబూ, నీటి మీద ఆగలేరేటి? అన్నం చేతి పక్క నుంచి పడవొస్తే, ఆ పక్కకే తిప్పి దాని ఎనక నుంచి పొండి."

"సముద్రం గురించి నీకేటి తెలుసే?" అన్నాడు పెంటయ్య.

"సముద్రం తెల్దు. మొగుడు పోతే ఎలాగుంటాదో తెలుసు." కుండ వైపు చూపించి అంది, "ఇదిగో, తప్పుకున్నోడికే నా తొలి ముంత."

ఇద్దరూ మీసాలు దువ్వుకుంటూ ఎవరి పడవ వైపు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ వారమే పెనుగాలి లేచింది. పడవలన్నీ మొగలోకి పరుగెత్తాయి. అందరికంటే ముందు పెంటయ్య పడవ. దాని కుడిపక్క నుంచి అడ్డంగా ఎర్రయ్య పడవ. ఒడ్డున అసిరమ్మ గరిటె పట్టిన కుడిచెయ్యి పైకెత్తింది, దించలేదు.

"పెద్దయ్యా, అమ్మ చెయ్యెత్తింది" అన్నాడు దాలయ్య.

పెంటయ్య ఒడ్డు వైపు చూశాడు. ఎర్రయ్య పడవలో ఆరుగురి మొహాలు చూశాడు.

"తిప్పరా" అన్నాడు.

పడవ కుడికి తిరిగి, ఎర్రయ్య పడవ వెనక నుంచి లోపలికొచ్చింది. అది చూసి వెనక పడవలూ నేర్చాయి. ఒకటి తప్పుకుంది, రెండోది తప్పుకుంది, మూడోది తప్పుకుంది. వేటకి వెళ్ళినవి నలభై పడవలు, ఒడ్డుకొచ్చినవీ నలభై.

తొలి ముంత పెంటయ్యకి పోసింది అసిరమ్మ. ఎర్రయ్య మీసం మెలేసి, "రేపు ఆ ముంత నాది, చూస్కో" అన్నాడు. అసిరమ్మ నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ మన ఒడ్డున తప్పుకున్న పడవకే తొలి ముంత. తప్పుకునేవాళ్ళు కుడిచెయ్యెత్తి "అసిరమ్మ చెయ్యి" అంటారు. అవతలివాళ్ళు "సల్లగుండాల" అంటారు. పడవలు గుద్దుకుని మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది ఈ మొగలో ఆమె తర్వాత ఇంకొకతె లేదు.