భూపతిగారి ఏకపట్నం

ఒకానొక రాజ్యంలో ఒక ఏరు, ఆ ఏటికి చెరో గట్టునా ఒక పట్నం. ఉత్తరపు గట్టున కంచరపురం, దక్షిణపు గట్టున పగడాలపురం. తాగేది ఒకే నీరు, మొక్కేది ఒకే అమ్మవారికి. అయితే ఆ తల్లిని కంచరపురం వాళ్ళు పెద్దమ్మ అంటే పగడాలపురం వాళ్ళు చల్లమ్మ అనేవారు. కంచరపురం వాళ్ళు పులుసులో బెల్లం వేసేవారు. బెల్లం వేస్తే అది పులుసు కాదు, చెడిపోయిన పాయసం అనేవారు పగడాలపురం వాళ్ళు. కంచరపురం మనుషులు మాటను సాగదీసేవారు, పగడాలపురం మనుషులు సగం మింగేసేవారు. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం తరతరాలుగా ఆగలేదు. విందులో పోట్లాట జరగని పెళ్ళి కలిసిరాదని రెండు ఊళ్ళలోనూ గట్టి నమ్మకం.

ఆ రాజ్యాన్ని మహీధర భూపతి ఏలుతుండేవాడు. తాను ఏ పని చేసినా లోకంలో అది మొట్టమొదటిసారి జరిగిందని ఆయన అభిప్రాయం. ప్రభువు తుమ్మితే చాలు, ఆస్థానంలో ఇద్దరు ముగ్గురు పద్యాలెత్తుకునేవారు.

అలాంటి కొలువుకు దూరదేశం నుంచి ఏకనాథ పండితుడు వచ్చాడు.

"ప్రభూ! ఒకే నీరు, ఒకే భాష, ఒకే దేవత. మరి రెండు పట్నాలెందుకు? రెంటినీ ఒకటి చేసి తమ పేరు పెట్టండి" అన్నాడు.

మిగతా మాటలు రాజుకు ఎంతవరకు వినిపించాయో గాని, 'తమ పేరు' అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. వెంటనే శాసనం వెలువడింది: "ఒకే మూలం నుంచి పుట్టినవి రెండుగా ఉండరాదు. ఒకటి చాలు. నేటి నుంచి ఆ రెండు పట్నాలూ మహీధరనగరం. ఒకే పలుకు, ఒకే పాగా, ఒకే పులుసు."

సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇంకాస్త సాగితే బాగుండునని రాజు గొంతు పెంచి, "ఈ నియమానికి మినహాయింపు ఎవరికీ లేదు. మా అంతఃపురానికి సైతం లేదు!" అన్నాడు. చప్పట్లు సాగాయి.

మర్నాటి నుంచి భటులు వంటిళ్ళలో దూరి పులుసులో వేళ్ళు ముంచి నాకడం మొదలుపెట్టారు. రాజ్యరక్షణకు కత్తులు పట్టిన వీరులు బెల్లం ఎంత పడిందో తేల్చలేక తలలు పట్టుకున్నారు. రెండు ఊళ్ళ పెద్దలూ, కంచరపురం గవరయ్యా పగడాలపురం నూకినాయుడూ, "ఊరొదిలి పోతాంగానీ పేరొదలం" అన్నారు. రాజు ఇద్దర్నీ ఒకే చెరలో వేయించి, పౌర్ణమిలోగా ఒప్పుకోకపోతే దేశం వెళ్ళగొడతానన్నాడు. వాళ్ళ చేత ఒప్పించే భారం ఆస్థానంలో చతురుడని పేరున్న కోనప్ప మీద పెట్టాడు.

కోనప్ప తల్లిది పగడాలపురం, తండ్రిది కంచరపురం. చిన్నప్పటి నుంచి రెండు పులుసుల మధ్య నలిగినవాడు. ఆ పోట్లాటలు లేని ఇల్లు ఎలా ఉంటుందో అతని ఊహకే అందలేదు.

చెరకు వెళ్ళి చూస్తే పెద్దలిద్దరూ వీపులు ఆనించి చెరో గోడా చూస్తూ కూర్చున్నారు.

"నూకినాయుడు మావా, గవరయ్య పెదనాన్నగారూ, రాజీకి రారా?"

"ఆ బెల్లప్పులుసోడితోనా?" అన్నాడు నూకినాయుడు.

"మాటలు మింగేవాడితో రాజీ ఏమిటయ్యా?" అన్నాడు గవరయ్య.

కోనప్ప నిట్టూర్చాడు. "సరేలెండి. పండితుడుగారు నిన్న కొలువులో ఏమన్నారో తెలుసా? 'ఆ ఏటిగట్ల జనానికి తినడం రాదు, మాట్లాడడం రాదు' అన్నారు."

ఇద్దరూ ఒక్కసారే ఇటు తిరిగారు.

"మా నాయుడి ఇంటి పులుసు వాడు తిన్నాడా?" అని అరిచాడు గవరయ్య.

"మా గవరయ్యన్న మాట్లాడితే వినాలిరా, తేనె!" అన్నాడు నూకినాయుడు.

తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సిగ్గుపడి, మళ్ళీ గోడలవైపు తిరిగారు. కోనప్పకు చేయవలసింది తెలిసింది. తల పోయే పనే గాని, వేరే దారి కనిపించలేదు.

పౌర్ణమి నాడు మహీధర భూపతి కొలువుకు వస్తే, సింహాసనం మీద ఆయన తమ్ముడు శశిధరుడు కూర్చుని ఉన్నాడు. అదే ముక్కు, అదే మీసం, తలపైన అదే కిరీటం. తినడం, పడుకోవడం తప్ప మరో చింతలేని మనిషి, హాయిగా జీడిపప్పు నములుతున్నాడు.

"ఎవరి పని ఇది?" రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది.

కోనప్ప ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తమ శాసనం అమలు చేశాను ప్రభూ. తమరూ తమ్ములుంగారూ ఒకే తల్లి పాలు తాగారు. వంశం ఒకటి, ఇంటిపేరు ఒకటి, ముక్కు సైతం ఒకటే. ఒకే మూలం నుంచి పుట్టినవి రెండుగా ఉండరాదన్నారు. ఒకటి చాలన్నారు. అందుకని ఒకరిని ఉంచాను."

"ఉంచితే నన్ను ఉంచాలి గాని!"

"ఎవరిని ఉంచాలో శాసనంలో లేదు ప్రభూ. ఈయన తక్కువ మాట్లాడతారు గదా, ఖజానాకు మేలని..."

ఏకనాథ పండితుడు గొంతు సవరించుకుని, "శాస్త్రరీత్యా ఇందులో దోషం..." అనబోయి, రాజు చూపు తగిలి మిగతాది మింగేశాడు, అచ్చం పగడాలపురం మనిషిలాగే.

"మూర్ఖుడా!" రాజు గర్జించాడు. "వంశం ఒకటైతే మనుషులు ఒకటవుతారా? శత్రువొస్తే ఇద్దరం భుజం కలిపి నిలబడతాం. అంతమాత్రాన వాడు నేనా? నేను వాడినా?"

"ఆ మాటే మూడు వారాలుగా రెండు పట్నాలూ మొత్తుకుంటున్నాయి మహారాజా" అన్నాడు కోనప్ప మెల్లగా. "తమరు రెండు ముక్కల్లో చెప్పేశారు. వాళ్ళకు అంత చక్కగా చెప్పడం రాక చెరలో ఉన్నారు."

 తనను ఇప్పుడు పొగిడారో తిట్టారో తేల్చుకోవడానికి రాజుకు కొంచెంసేపు పట్టింది. తేలాక ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది, చివరకు సభంతా మారుమోగేలా నవ్వాడు. శాసనం రద్దయింది. పెద్దలిద్దరూ చెర నుంచి విడుదలై, గడప ముందు ఎవరు దాటాలని గొడవపడుతూ బయటికొచ్చారు. పండితుడికి శాలువా కప్పి, పొలిమేర దాకా తోడు పంపారు, తిరిగి రాకుండా.

"కోనప్పా, నీకేం కావాలో కోరుకో! ఊరా? ఏనుగా?"

కోనప్ప సింహాసనం వైపు భయంభయంగా చూశాడు.

"అవన్నీ తర్వాత ప్రభూ. ముందు తమ్ములుంగార్ని దిగమని తమరే సెలవియ్యండి. పొద్దుట్నుంచీ బతిమాలుతున్నాను. ఆసనం మెత్తగా ఉంది, దిగనంటున్నారు!"