ముంగిస సింగారి చవక బేరాలు

అనగనగా, పిల్లలూ, ఒక వాగు, ఆ వాగు పక్కన ఒక అడవి. ఆ అడవిలో సింగారి అనే ముంగిస ఒక్కతే ఉండేది. ముందు నుంచీ ఒక్కతే కాదు. దానికి ముత్యాలు అనే చెల్లెలు ఉండేది. ఇద్దరూ ఒకే బొరియలో పుట్టారు. ఒకే ఆకుల పక్క మీద ముడుచుకుని పడుకున్నారు. ముత్యాలు పెళ్ళి చేసుకుని వాగు అవతలికి వెళ్ళిపోయాక సింగారికి తిండి సయించేది కాదు. పొద్దున్నే అలవాటుగా "ముత్యాలూ, లేవే!" అని పిలిచేది. పిలిచాక గుర్తొచ్చేది, పలికేవాళ్ళు లేరని.

"వాగు అవతల అంతా పల్లం. గట్టి వానలు పడితే అక్కడ ఉండలేరు. అప్పుడు పిల్లల్ని తీసుకుని నా దగ్గరికే వస్తుంది," అని సింగారి రోజూ అనుకునేది.

ఆ అడవిలో ఒక అలవాటు ఉంది. ఎండాకాలం చివర్లో అందరూ ఇళ్ళు దులుపుకుని, అక్కర్లేని సామాన్లు వాకిట్లో పెట్టేవారు. దారిన పోయేవాళ్ళు పండో కాయో ఇచ్చి, నచ్చింది పట్టుకుపోయేవారు. దాన్ని వాకిలి సంత అనేవారు.

సింగారి మొదట ఎలుగుబంటి వాకిటికి వెళ్ళింది.

"ఈ చాప ఎంత, మావయ్యా?"

"దోసెడు ఈతపళ్ళు."

"అంచు చూడు, ఎలా చిరిగిందో! గుప్పెడిస్తా."

"సరే, పట్టుకుపో. ఇంతకీ ఎవరికి?"

"మా ముత్యాలుకి. వస్తే పడుకోవద్దూ!" అంది సింగారి సంబరంగా.

మర్నాడు ఏదుపంది వాకిట్లో పెద్ద కుండ కనిపించింది. "అంతమందికీ గంజి కాయాలంటే ఇలాంటిదే ఉండాలి," అని నాలుగు నేరేడు పళ్ళకే బేరం తెగ్గొట్టింది.

ఆ తర్వాత కుందేలు పిన్ని ఇంటి ముందు ఉయ్యాల చూసింది.

"మా పిల్లలు పెద్దవాళ్ళయిపోయారమ్మా," అంది కుందేలు, ఉయ్యాలని ఒకసారి ఊపి. "ఖాళీగా ఊగుతుంటే చూడలేకపోతున్నాను. నీకు తోచింది ఇచ్చి తీసుకో."

ఆ మాటతో సింగారికి కళ్ళు చెమర్చాయి. చెల్లెలి పిల్లల్ని అది ఇంతవరకూ చూడనే లేదు. ఒక మామిడిపండు ఇచ్చి ఉయ్యాలని భుజాన వేసుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చవకగా దొరుకుతుంటే ఆగడం కష్టం కదా! బుట్టలు కొంది. పీటలు కొంది. విరిగిన చేట కూడా కొంది. ప్రతిదానికీ ఒకటే మాట: "మా ముత్యాలుకి పనికొస్తుంది."

ఒకరోజు కాకి వచ్చి గుమ్మం ముందు వాలింది. "సింగారీ, మీ చెల్లెలు కబురు పెట్టింది. చంటిదానికి జ్వరమట. అక్క ఒక్కసారి వచ్చి వెళ్ళకూడదా అని అడిగింది."

"అయ్యో, చంటిదానికా!" అంది సింగారి. లేచి నాలుగడుగులు వేసింది. ఇంతలో నక్క వాకిట్లో సందడి వినిపించింది. అక్కడ ఆ రోజే సంత.

"రేపు వస్తానని చెప్పు," అంది కాకితో.

ఆ రేపు వానతో మొదలైంది. వాగు పొంగింది. మూడు రోజుల వరకూ తగ్గలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వాగు కాస్త తగ్గాక, వాన కురుస్తుండగానే గుమ్మంలో ముత్యాలు నిలబడింది. ఒళ్ళంతా బురద. వెనకాల ఇద్దరు పిల్లలు, చేతుల్లో చంటిది.

"అక్కా, మా బొరియ మునిగిపోయింది."

"నా తల్లీ, వచ్చావా!" అని సింగారి వాటేసుకుంది. "రా, లోపలికి రా!"

లోపలికి ఎలా వస్తారు? గుమ్మం దగ్గర్నుంచే పీటలు, వాటి మీద బుట్టలు. ఉయ్యాల కట్టడానికి చోటు లేక మూలన చుట్టి పడేసి ఉంది. చాప మీద కుండ, కుండలో చేట.

"ఇవన్నీ నీ కోసమేనే!" అంది సింగారి.

"మరి నేనెక్కడ కూర్చోను, అక్కా?" అంది ముత్యాలు. "కొన్ని బయట పెట్టెయ్. పిల్ల వణికిపోతోంది."

సింగారి ఒక బుట్ట ఎత్తింది. బయటికి చూసింది. వాన. "తడిస్తే కుళ్ళిపోతుందేమో," అని దించింది. పీట ఎత్తింది. "ఇది కొత్తదానిలా ఉంది, ఎంత చవకగా వచ్చిందో," అని దాన్నీ దించింది. ఉయ్యాల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

ముత్యాలు అంతా చూసింది. చంటిదాన్ని గుండెకి హత్తుకుని, "ఫర్వాలేదక్కా, పాడైపోతాయి, ఉండనీ," అని మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఆగవే! సర్దుతున్నాను!" అని సింగారి అరిచింది. సామాన్లు తోసుకుని బయటికి వచ్చేసరికి వానలో ఎవరూ కనిపించలేదు.

వాన తెరిపిచ్చాక సింగారి వెతుక్కుంటూ బయల్దేరింది. కొండవాలు మీద అడవిపంది అవ్వ గుహలో దొరికారు. అది చాలా ఇరుకు గుహ. అవ్వా, ఆవిడ మనవలూ, ముత్యాలూ, పిల్లలూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. చంటిదాని జ్వరం తగ్గింది.

"అమ్మా, ఈవిడెవరు?" అని పెద్దపిల్ల అడిగింది.

"మీ పెద్దమ్మ."

పిల్ల కాస్త జరిగింది. "పెద్దమ్మా, ఇక్కడ కూర్చో."

ఆ జానెడు చోట్లో కూర్చుని సింగారి వెక్కి వెక్కి ఏడ్చింది. "తప్పయిపోయిందే. ఇంటికి రండే," అని బతిమాలింది.

ముత్యాలు అక్క కళ్ళు తుడిచింది. "నాకు కోపం లేదక్కా. కానీ పిల్లలు ఇక్కడ కుదురుకున్నారు. మళ్ళీ కదపలేను. వచ్చే ఏడు చూద్దాం."

సింగారి ఇంటికి వచ్చి అన్నీ వాకిట్లో పెట్టింది. "ఎంత?" అని అడిగినవాళ్ళకి, "ఏమీ వద్దు, పట్టుకెళ్ళండి," అంది. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. నేల ఊడ్చి, ఐదుగురు పడుకునేలా ఎండుటాకులు పరిచింది. ఒక అంచున తను ముడుచుకుని, మిగతా చోటు వైపు తిరిగి పడుకుంది.

నీతి: అయినవాళ్ళ కోసం వస్తువులు పోగు చేయడం కన్నా, వాళ్ళు వచ్చినప్పుడు చోటివ్వడం ముఖ్యం.