ఖాళీ పలక

మస్తాన్ మాస్టారికి ఒక పాడు అలవాటు ఉంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. విమానాలు దిగడం మానేసి పాడుబడ్డ మైదానంలో ఆయన దగ్గర మోటారుసైకిలు పందేలు నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అడగక మానరు. ఆ రోజు అడిగింది కెజియా.

అడగక ఏం చేస్తుంది, పాపం! పద్దెనిమిదేళ్లుగా బండి తోలుతోంది. మూడుసార్లు ఛాంపియన్. కిందటేడు ఈ మైదానంలోనే మలుపులో పడి భుజం విరగ్గొట్టుకున్నాక మాత్రం మళ్లీ మొదటి స్థానం మొహం చూడలేదు. నిన్నగాక మొన్న బండెక్కినవాళ్లు పక్కనుంచి రివ్వున దాటిపోతున్నారు. కొత్త ఏడాది పందేలకు పేరిచ్చుకునే కాగితం నాలుగు రోజులుగా ఆమె జేబులో నలుగుతోంది. సాయంత్రంలోపు సంతకం చేసి ఇవ్వాలి, లేదంటే ఆ ఏడాదికి లేనట్టే. ముప్పై ఆరేళ్ల మనిషికి ఒక ఏడాది పోవడమంటే ఇక అంతా పోవడమే.

“మాస్టారూ, ఆపెయ్యమంటారా? ఇంకో ఏడాది తోలమంటారా? ఏదో ఒకటి చెప్పండి, నాకు బుర్ర పనిచెయ్యడం లేదు,” అంది.

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. “ఈ కుర్రాళ్లతో పది రౌండ్లు పందెం తిరిగిరా, పో. పలక నేను పట్టుకుంటాను,” అన్నాడు.

పలకంటే పందేలవాళ్లకు ప్రాణం. బండి మీద పోయే మనిషికి తానెన్నో స్థానంలో ఉందో, వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడో, ఇంకెన్ని రౌండ్లున్నాయో తెలియదు. దారి పక్కన తనవాడొకడు నిలబడి పలక మీద సుద్దతో రాసి ఎత్తి చూపిస్తాడు. రెప్పపాటులో చదువుకుని పోవాలి. కెజియా ఇన్నేళ్లూ ఆ పలకను నమ్ముకునే గెలిచింది, దాన్ని నమ్ముకునే ఓడింది.

మొదటి రౌండు తిరిగొచ్చేసరికి మాస్టారు పలకెత్తి పట్టుకున్నాడు. దాని మీద ఏమీ లేదు. సుద్ద మరిచిపోయాడేమో అనుకుంది. రెండో రౌండూ ఖాళీయే. మూడోసారి బండి వేగం తగ్గించి మరీ చూసింది, ఆ సందులో ఇద్దరు దాటేశారు. ఒళ్లు మండిపోయింది. ‘ముసలాయనకు మతి గాని పోయిందా, నాతో ఆటలా!’ అని తిట్టుకుని, ఇక చచ్చినా ఆ వైపు తల తిప్పకూడదనుకుంది.

అక్కణ్నుంచి అంతా అయోమయమే. ఇది ఆరో రౌండా, ఏడోదా? లెక్క తప్పింది. ఒకణ్ని దాటింది. వాడు ఇందాక తనను దాటినవాడో, ఒక రౌండు వెనకబడినవాడో తెలియలేదు. కాసేపటికి ముందు ఎవరూ లేరు, వెనక చప్పుడూ లేదు. అందరూ తనను వదిలేసి పోయారా, తానే అందర్నీ వదిలేసి వచ్చిందా? ఏమీ పాలుపోక, ఏం చెయ్యాలో తెలియక, తోలుతూ పోయింది. మలుపు వచ్చింది, వంగింది, దాటింది. దాటాక గాని కిందటేడు పడింది అక్కడేనని గుర్తు రాలేదు.

మళ్లీ తిరిగొచ్చేసరికి రేకుల నీడన కుర్రాళ్లంతా హెల్మెట్లు తీసేసి మజ్జిగ తాగుతూ కనిపించారు. బ్రేకు కొట్టి దిగింది.

“ఏమైంది? ఎవరైనా పడ్డారా?”

“పందెం అయిపోయిందక్కా. గళ్ల జెండా ఊపాం, నువ్వు ఇటు చూస్తేగా! రెండు రౌండ్లు ఎక్కువ తిరిగావు,” అన్నాడొకడు నవ్వాపుకుంటూ.

సిగ్గుతో చచ్చినంత పనైంది ఆమెకు. నేరుగా మాస్టారి మీదికి వెళ్లింది. “ఖాళీ పలక చూపిస్తే ఏం చదువుకోమని? ఇంతకీ ఎన్నోదాన్ని వచ్చాను?”

“నాలుగు.”

మొహం వాడిపోయింది. జేబులోంచి కాగితం తీసి చించబోయింది. ఏమనుకుందో, చెయ్యి ఆగింది. “ఆ చివరి రెండు రౌండ్లు, మాస్టారూ? అవి ఎన్ని సెకన్లు?”

మాస్టారు మెడలో వేలాడే గడియారం చూపించాడు. అది పదో రౌండు దగ్గరే ఆగి ఉంది.

“జెండా పడగానే ఆపేశాను. ఆ రెంటికీ లెక్కా లేదు, స్థానమూ లేదు. ఎవరి కోసం తిరిగావమ్మా?”

కెజియా చించబోయిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది. తర్వాత “పెన్నుందా, మాస్టారూ?” అంది.

ఆయన పెన్నూ ఇచ్చాడు, పలకా ఇచ్చాడు.

“కాగితం కింద ఇది పెట్టుకో. ఏడాదంతా నీకు చూపించేదీ ఇదే,” అన్నాడు.