ఒక స్టాపు ముందే దిగినవాళ్ళు

పెంచలమ్మకి ముప్పై నాలుగేళ్ళు. చెప్పులు వేసుకునే ముందు రెండింటినీ నేలకేసి ఒకసారి దులుపుతుంది.

ఆమె అత్తవారింట్లో ముగ్గురు మగవాళ్ళు. మామ గరటయ్య, మొగుడు మాలకొండయ్య, మరిది చెంచయ్య. ముగ్గురికీ తమ తెలివి మీద గట్టి నమ్మకం. ఊళ్ళో జనం ఏది చెప్పినా సగం వింటారు, సగం మరిచిపోతారు, మేము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తాం, అందుకే మాది తెలివైనవాళ్ళ ఇల్లని అందరూ అంటారు అని గరటయ్య అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట అనేది ఆయన ఒక్కడేనని దారిన పోయేవాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. వాళ్ళకీ పనులుంటాయి కదా.

ఆ ఇంట్లో ఒక తెల్ల కారుంది. టీ కొట్టుకి కారు, క్షవరానికి కారు, పక్క వీధిలో పేకాటకి కారు. పెంచలమ్మ పాల కేంద్రానికి నడిచి వెళ్ళేది, పొలానికి నడిచి వెళ్ళేది, పొదుపు సంఘం మీటింగుకి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళేది. కారున్న ఇంట్లో కారు లేకుండా బతకడంలో ఆమెకు పన్నెండేళ్ళ అనుభవం.

ఒకరోజు బడి ఆవరణలో షామియానా వేశారు. టౌను నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చి గాలి ఎలా పాడవుతోందో, ఎండలు ఎందుకు ముదురుతున్నాయో ఓపిగ్గా చెప్పింది. దగ్గర పనులకి నడవండి, కారు నడపడం తగ్గించండి, తప్పక తీయాల్సి వస్తే సీట్లన్నీ నిండాక తీయండి, బస్సులో వెళ్ళండి, దిగాల్సిన చోటికి ఒక స్టాపు ముందే దిగి నడిస్తే ఒంటికి కూడా మంచిది అంది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ తాము చేస్తున్నది పర్యావరణమని వాళ్ళకి తెలియదు.

ముందు వరసలో ఉన్న గరటయ్య లేచి, మా ఇంట్లో ఇవాళ్టి నుంచి ఇవన్నీ అమలు అని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. అంతే, ఆ శాలువా వేడికి ముగ్గురికీ తెలివి పొంగింది.

మర్నాడు పొద్దున్నే టీకి బయల్దేరాలి. నడవమన్నారు, సరే నడుద్దాం. కారు నడపొద్దన్నారు, సరే నడపొద్దు. కానీ కారుని ఇంట్లో వదిలేసి రమ్మని ఆ లెక్చరరమ్మ అన్నదా అని చెంచయ్య అడిగాడు. ముగ్గురూ గుర్తు తెచ్చుకున్నారు. అనలేదు. ఇంకేముంది, ముగ్గురూ నడుచుకుంటూ కారుని తోసుకుంటూ బయల్దేరారు. స్టీరింగు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. పట్టుకుంటే నడిపినట్టే అని గరటయ్య తీర్పు చెప్పాడు. అంతే, ఎవరూ పట్టుకోలేదు. వీధి చివర పల్లం. కారు తన దారిన తాను పోయి పాల కేంద్రం ముందున్న క్యాన్లన్నీ దొర్లించి, గోడకి ముక్కు ఆనించి నిలబడింది. ఊరి పాలన్నీ మురిక్కాలవలో పారుతుంటే ఆడవాళ్ళు చీపుళ్ళు తీసుకుని వచ్చారు. గరటయ్య చెయ్యెత్తి వాళ్ళని శాంతింపజేస్తూ, చుక్క పొగ రాలేదు, గమనించారా అన్నాడు.

ఇంతలో పెంచలమ్మకి ఉత్తరం వచ్చింది. ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సు కండక్టరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. పరీక్ష పాసయింది. గురువారం పొద్దున పది గంటలకల్లా టౌన్లో డిపో ఆఫీసుకి సర్టిఫికెట్లతో రావాలి, ఆలస్యమైతే తర్వాతి పేరు వాళ్ళకి ఇచ్చేస్తాం అని అందులో రాసుంది. ఆమె పుట్టింట్లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయిన కాగితం అప్పటిదాకా బియ్యం డబ్బాలో అడుగున ఉంది. దాన్ని తీసి దులిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

ఏడున్నర బస్సుకి నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంది. ఇంటి కోడలు ఒంటరిగా వెళ్ళడమేమిటని మాలకొండయ్య అన్నాడు. ముఖ్యమైన కాగితాలు ఆడవాళ్ళ చేతిలో ఉండకూడదని కవరు తన చంకలో పెట్టుకున్నాడు. ఆ కాగితాలు సంపాదించింది ఎవరన్నది ఆయనకి తట్టలేదు. గురువారం పొద్దున ముగ్గురూ తోడు బయల్దేరారు.

స్టాపు దగ్గర నిలబడ్డారు. బస్సు వస్తోంది. అప్పుడు గరటయ్యకి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వచ్చినప్పుడల్లా పెంచలమ్మ కొంగు నడుములో దోపుకునేది.

"అబ్బాయిలూ, ఎక్కడ దిగాలి మనం?"

"డిపో దగ్గర," అన్నాడు మాలకొండయ్య.

"ఒక స్టాపు ముందే దిగాలి కదా."

"అయితే మార్కెట్ దగ్గర దిగుదాం నాన్నా."

"మరి మార్కెట్ దగ్గర దిగుతున్నామంటే, దానికి ఒక స్టాపు ముందే దిగాలి."

చెంచయ్య వేళ్ళు లెక్కపెట్టాడు. మార్కెట్టుకి ముందు రైలుగేటు. రైలుగేటుకి ముందు మిల్లు. మిల్లుకి ముందు వంతెన. బస్సు ఆగింది, తలుపు దగ్గర కండక్టరు ఎక్కమంటున్నాడు, వీళ్ళు ఒక్కో స్టాపు వెనక్కి వస్తున్నారు. పెంచలమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టి కవరు కోసం చెయ్యి చాచింది. ఉండవే, లెక్క తప్పుతుంది అని మాలకొండయ్య కసిరాడు. వంతెనకి ముందు రాళ్ళపల్లి. రాళ్ళపల్లికి ముందు ఏముంది? మన ఊరే. ఇంకేముంది, ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. దిగాల్సిన చోట దిగే ఉన్నారు. బస్సు వెళ్ళిపోయింది. ఎక్కకుండానే దిగినవాళ్ళం మనమే అయి ఉంటామని చెంచయ్య అన్నాడు. అవునని గరటయ్య మీసం దువ్వాడు.

పెంచలమ్మ నడుములో దోపిన కొంగు ఇంకాస్త బిగించింది. టౌను ఎంత దూరమో తలుచుకుంది. ముప్పై ఐదు కిలోమీటర్లు. నడిచే దూరం కాదు. కారు తీయమంది.

సీట్లు నిండాలి కదా వదినా అన్నాడు చెంచయ్య. అయిదు సీట్లు, నలుగురు మనుషులు. అయిదో మనిషి కోసం ఊరంతా తిరిగారు. ఎవరూ దొరకలేదు. పాలు పోయిన రోజు నుంచి వీళ్ళని చూస్తే జనం తలుపులు వేసుకుంటున్నారు. చివరికి రాళ్ళపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళడానికి మూట పట్టుకుని నిలబడ్డ అక్కమ్మ దొరికింది. అంతే, ఆమెని ఎత్తి సీట్లో కూర్చోబెట్టినంత పని చేశారు. కారు నిండింది. గరటయ్య కళ్ళు చెమర్చాయి.

రాళ్ళపల్లి వచ్చింది. అక్కమ్మ దిగింది. కారు ఆగిపోయింది. ఎందుకాపావని పెంచలమ్మ మొగుణ్ణి అడిగింది. ఒక సీటు ఖాళీ అయింది కదా, ఇప్పుడు నడిపితే మాట తప్పినట్టు అన్నాడు. పోనీ ఇంకొకళ్ళని ఎక్కించుకోమంది. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరన్నాడు. పోనీ ఆమెనే మళ్ళీ ఎక్కించుకోమంది. ఆమె దిగాల్సిన చోట దిగింది, బలవంతం చేయకూడదు అని గరటయ్య నీతి చెప్పాడు. ఏం చేద్దామంటే కారుని ఇంటికి తోసుకుపోదామన్నారు. తోయడానికి ముగ్గురు చాలరు, నువ్వు కూడా దిగి ఒక చెయ్యి వెయ్యి అన్నారు.

పెంచలమ్మ దిగింది. ఎనిమిదింపావుకి రాళ్ళపల్లి మీంచి టౌనుకి తమ ఊరి వైపు వెనక్కి పోయి చుట్టు తిరిగి వెళ్ళే ఇంకో బస్సుంది. ఆమె మొగుడి చంకలోంచి కవరు లాక్కుంది.

"ఏమే, ఒంటరిగా పోతావా?" అన్నాడు మాలకొండయ్య.

"బస్సులో ఎంతమంది ఉంటారు?"

"యాభై మంది ఉంటారు."

"యాభై మందితో పోయేదాన్ని ఒంటరిదంటారా ఎవరైనా?"

మాలకొండయ్య ఆలోచించాడు. అనరు. న్యాయమే. పన్నెండేళ్ళ కాపురంలో అంత సులువుగా ఆయన్ని ఒప్పించవచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది. ముందే తెలిసుంటే ఎన్ని పనులు జరిగేవో.

బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పెంచలమ్మ కిటికీ పక్కన కూర్చుని కవరు ఒళ్ళో పెట్టుకుంది. ఒక కిలోమీటరు పోయేసరికి బస్సు ఆగింది. తల బయటపెట్టి చూసింది. ఇంకేముంది, ఇరుకు కల్వర్టు మీద తెల్ల కారు అడ్డంగా నిలబడి ఉంది. దాని ముందు ముగ్గురూ చేతులు చాపి నిలబడ్డారు. తోసి తోసి గరటయ్య శాలువా తడిసిపోయింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. గరటయ్య తలుపు దగ్గరికి వచ్చి, మీ దగ్గర యాభై మంది ఉన్నారు, మాకు ఇద్దరు తక్కువయ్యారు, ఒక ఇద్దర్నిస్తే మా కారు నిండుతుంది, అందరం సంతోషంగా వెళ్ళిపోతాం అని మర్యాదగా అడిగాడు. కండక్టరు ఇరవై ఏళ్ళ సర్వీసులో చాలా అడ్డంకులు చూశాడు గానీ ప్రయాణికుల్ని అప్పడిగినవాణ్ణి చూడలేదు. బస్సులోవాళ్ళు మేం దిగేది లేదన్నారు. చెంచయ్య ఒక ముసలాయన మూట పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు, ఆయన మూటతో సహా కేకలేశాడు. మాలకొండయ్య బస్సు ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టాడు, పర్యావరణం తేలే దాకా ఇక్కణ్ణించి కదిలేది లేదన్నాడు. టైము తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ.

పెంచలమ్మ దిగింది. తిట్టాలనిపించింది. తిడితే ముగ్గురూ ఆ తిట్టుని కూడా చెప్పింది చెప్పినట్టు చేస్తారు.

"మామయ్యా, మీకు కావాల్సింది మనుషులా, నిండిన కారా?"

"నిండిన కారమ్మాయ్."

"మీరెంతమంది?"

"ముగ్గురం."

"సీట్లెన్ని?"

"అయిదు."

"మనుషుల్ని పెంచలేకపోతే సీట్లు తగ్గించుకోండి. కారుని పక్కకి తోసుకుని, నిదానంగా."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత తెలివి కోడలికి మన ఇంటి గాలి తగిలే వచ్చిందని గరటయ్య గర్వపడ్డాడు. అంతే, క్షణంలో కారు రోడ్డు పక్కకి పోయింది, రాయి పోయింది, బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే చెంచయ్య డిక్కీలోంచి స్పానర్లు తీస్తున్నాడు.

పదికి నాలుగు నిమిషాలుండగా పెంచలమ్మ డిపో ఆఫీసు మెట్లెక్కింది. గుమాస్తా కాగితాలు చూసి, ఆమెను చూసి, ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్నారా అని అడిగాడు. మగవాళ్ళని కూడా ఈ ప్రశ్న అడుగుతారా అంది. ఆయన తల దించుకుని ముద్ర కొట్టాడు.

అక్కడ కల్వర్టు దగ్గర కథ ఇంకోలా నడిచింది. వెనక సీటు ముగ్గురు కూర్చునే ఒకే పొడుగు బల్లలా ఉంది. అందులోంచి రెండు సీట్లే ఎలా తీయాలో ఎంత చూసినా తేలలేదు. మొత్తం పీకేశారు. ఇప్పుడు కార్లో రెండు సీట్లే మిగిలాయి, మనుషులు ముగ్గురున్నారు. ఒకళ్ళు ఎక్కువయ్యారు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి మీరిద్దరూ కారుని నింపి తీసుకుపోండి, నేను నా సీట్లో వస్తాను అని గరటయ్య తేల్చేశాడు. కొడుకులిద్దరికీ అందులో లోపమేమీ కనిపించలేదు. ఇంకేముంది, నిండిన కారు నడుపుకుంటూ వాళ్ళు ఇంటికెళ్ళి భోంచేసి పడుకున్నారు.

సాయంత్రం అయిదింటి బస్సులో పెంచలమ్మ తిరిగి వస్తుంటే కల్వర్టు దాటాక రోడ్డు పక్కన కారు వెనక సీటు కనిపించింది. దాని మీద గరటయ్య కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకి అటొకరు ఇటొకరు గొర్రెలు కాసుకునేవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ముగ్గురు పట్టే సీట్లో ఒక్కడే ప్రయాణం చేస్తే గాలికి అపకారమని ఆయనే వాళ్ళని ఎక్కించుకున్నాడు. పెంచలమ్మ బస్సు ఆపించి దిగింది.

"ఎంతసేపయింది మామయ్యా కూర్చుని?"

"పొద్దుట్నించీ ప్రయాణంలోనే ఉన్నానమ్మాయ్. కుదుపు లేదు, పొగ లేదు, గాలి బ్రహ్మాండంగా కొడుతోంది. మన ఊరొస్తే చెప్పు."

కుడిపక్కన కూర్చున్న గొర్రెల కాపరి కర్ర నేలకి కొట్టి, బండి మరీ మెల్లగా పోతోంది, చీకటి పడేలోగా మమ్మల్ని దింపమని చెప్పమ్మా అని ఆమెతో అన్నాడు. ఎడమపక్కవాడికి అప్పటికే ప్రయాణం పడక కడుపులో తిప్పుతోంది.

పెంచలమ్మ మర్నాడు డ్యూటీలో చేరింది. పంతొమ్మిదేళ్ళు టికెట్లు కొట్టింది.